ఆరోగ్యసభలును అనుమతిపత్రములును



మన జిల్లాలోని వైద్యుడొకడు పరదేశమున జరుగు ప్రజారోగ్య మహాసభకు ఆహ్వానింపబడెననుకొనుడు. ఊరివారు సంతసింతురు, బంధువులు పూలదండలతో వత్తురు. కాని ఆహ్వానపత్రిక చేతనున్నంతమాత్రమున విమానమెక్కుటకు వీలులేదు. స్వదేశ ప్రభుత్వమిచ్చు పాస్పోర్టు ఒకటి, పోదలచిన దేశమువారు దానిపై వేయు వీసా యొకటి, ఈ రెండును కావలయును. పాస్పోర్టు 'ఇతడు మావాడు' అని చెప్పును. వీసా 'ఇతని పత్రమును చూచితిమి, మా గడపయొద్దకు రానిండు' అని చెప్పును. వీసా యను మాట లాటిను భాషనుండి వచ్చినది. 'చూడబడినవి' యని దానికర్థము. దానికై పెట్టుకొను దరఖాస్తులో సభ పేరేమి, ఎన్నిదినములు, బస యెచ్చట, వ్యయమెవరు భరింతురు, పని ముగిసినపిదప తిరిగి పోవుదువనుటకు నిదర్శనమేమి యని యడుగుదురు. అమెరికా సంయుక్తరాష్ట్రముల దరఖాస్తులో ప్రజారోగ్యమునకు ముప్పు తెచ్చు అంటురోగము నీకున్నదా యను ప్రశ్నయు గలదు.

అంటురోగములను అరికట్టు ఉపాయము చెప్పుటకై పోవువానినే ఈ ప్రశ్న యడుగుట వింతగా తోచవచ్చును. చరిత్ర చూచినవారికి వింత కాదు. వ్యాధిభయముచేతనే రాజ్యములు ద్వారమున పత్రములడిగినవి. ఆ వ్యాధిభయముచేతనే ఒకచో కూడి సభలు చేసినవి. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండును తరచుగా ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డుపడుచు వచ్చినవి. ఆ కథను నేడు మనవి చేసెదను.

ద్వారమున పత్రమడుగుట మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను ఉద్యోగి యొకడు గలడు. ఒక మాషకము పుచ్చుకొని ముద్రనిచ్చుట అతని పని. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశింపవచ్చును, వెడలిపోవచ్చును. ముద్రలేని స్వదేశీయునకు పండ్రెండు పణములు దండుగ. దొంగముద్ర చూపినవానికి పూర్వసాహసదండము. ఆ నేరమే పరదేశి చేసినచో ఉత్తమసాహసదండము. పచ్చికబీళ్లను కాపాడు వివీతాధ్యక్షుడు దారిలో ఆ ముద్రను పరిశీలించును. అనగా ఇచ్చువాడొకడు, చూచువాడు వేరొకడు. నేటి పాస్పోర్టు కార్యాలయమునకును విమానాశ్రయపు తనిఖీకిని ఇంతకంటె దగ్గరి పోలిక యేమి కావలయును? ఈ గ్రంథము బహుకాలము మరుగుపడియుండి, మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారికి తాళపత్రప్రతిగా లభించి, 1909లో అచ్చయినది. అంతకుముందు మన పండితులలో పెక్కుమంది దీనిని చదివియుండలేదు. అయితే కౌటిల్యుని ముద్రకు వేగులవారి భయమును సుంకపు లెక్కయు మూలము, వ్యాధి కాదు.

వ్యాధినిబట్టి పత్రమడుగుట ఐరోపాఖండపు రేవుపట్టణములలో వర్ధిల్లినది. పదునాల్గవ శతాబ్దిలో మహామారి ఆ ఖండమును తుడిచివేయగా, ఆడ్రియాటిక్ సముద్రతీరమందలి రగూసా పట్టణమువారు 1377లో, తెవులున్న చోట్లనుండి వచ్చువారు ముప్పది దినములు వెలుపల నుండవలయునని శాసించిరి. తరువాత అది నలువది దినములైనది. ఇటలీ భాషలో నలువదికి 'క్వరంతా' అని పేరగుటచే క్వారంటైను అను మాట పుట్టినది. పిదప ఓడలకు ఆరోగ్యపత్రము లేర్పడినవి. బయలుదేరిన రేవులో వ్యాధి లేదని వ్రాసియిచ్చినచో శుద్ధపత్రము, ఉన్నదన్నచో అశుద్ధపత్రము. ఇటలీలో తెవులు ప్రబలిన కాలమున బాటసారికి సయితము చీటి యుండవలసినదే. అతని పేరు, బయలుదేరిన ఊరు, దినము అందులో వ్రాయుదురు. కోటవాకిట కావలివాడు దానిని చూచి లోనికి విడుచును.

అయితే ఈ నియమములు ఒక్కొక్క రేవున ఒక్కొక్క తీరుగ నుండెను. ఒకచోట పదిదినములు, ఒకచోట ఇరువది. ఒకరి పత్రము వేరొకరికి చెల్లదు. వర్తకులకిది మోయరాని భారమైనది. కలరా, అనగా మనము వాంతిభేది యనుచున్న విషూచి, 1817 మొదలు వంగదేశమునుండి బయలుదేరి పలుమారులు భూమి చుట్టివచ్చినది. అప్పుడు 1851లో పారిసు నగరమున పండ్రెండు రాజ్యములవారు మొదటి అంతర్జాతీయ ఆరోగ్యసభ చేసిరి. ఒక్కొక్క రాజ్యము ఇద్దరిని పంపెను. ఒకడు వైద్యుడు, ఒకడు రాయబారి. వైద్యుడు తెలిసినది చెప్పవలెను, రాయబారి తన రాజ్యమునకు నష్టము రాకుండ చూచుకొనవలెను. ఆరుమాసములు చర్చించినను వ్యాధి గాలివలన వచ్చునో, మనుష్యునినుండి మనుష్యునకు వచ్చునో తేలలేదు. ఒడంబడిక యొకటి వ్రాసిరి గాని, దానిని అంగీకరించిన రాజ్యములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

1865లో మక్కాయాత్రలో కలరా పుట్టి వేలకొలది యాత్రికులను బలిగొన్నది. అచ్చటినుండి ఈజిప్టునకు, ఈజిప్టునుండి ఓడలలో ఐరోపాకు ప్రాకినది. మరుసటియేడు, 1866లో, కాన్‌స్టాంటినోపిలులో మరల సభ చేసిరి. కలరా నిలుకడగా నివసించు తావు గంగాముఖద్వారమేయని ఆ సభ నిర్ణయించెను. తక్కిన భూమి కెల్ల విషము మన గంగనుండి వచ్చుచున్నదని తీర్మానించిన సభలో గంగయొడ్డున బ్రదుకు మనుష్యుడొక్కడును ఆసనమెక్కియుండలేదు. భారతదేశము మాట చెప్పినవారు ఆంగ్లేయులు. వారికి మన ప్రాణములకంటె తమ ఓడల రాకపోకలపై చింత మెండు. 1869లో సూయజు కాలువ తెరవబడిన పిదప ఆ చింత హెచ్చెను. రాబర్టు కాక్ అను జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు ఈజిప్టులోను, 1884లో కలకత్తాలోను పరిశోధించి కలరాను కలిగించు సూక్ష్మజీవిని చూపెను. 1885 రోముసభలో ఆయన స్వయముగా నుండియు, బ్రిటిషువారి పక్షము ఆ సిద్ధాంతమును ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నచో భారతదేశమునుండి వచ్చు ఓడలను నిలుపవలసివచ్చును గదా! లాభమునకు విరుద్ధమైన శాస్త్రము తలకెక్కుట కష్టము.

సభలో మనవారు లేకున్నను, సభ చేసిన కట్టుబాట్లను అనుభవించినవారు మాత్రము మనవారే. ఎఱ్ఱసముద్రమున కమరాను అను ద్వీపము గలదు. 1882 మొదలు మక్కాకు పోవు భారతీయ యాత్రికులను అచ్చట దింపి, బట్టలు పొగబెట్టి, దినములు లెక్కించి పంపుచుండిరి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టగా 1897లో వెనీసు నగరమున ఇంకొక సభ జరిగినది. ఆ యేడే మనదేశమున అంటురోగముల చట్టము వచ్చినది. తెలుగువారికిని ఈ పత్రముల కథతో సంబంధము గలదు. 1903 మొదలు చెన్నపురి రేవునుండి ఫిజీదీవులకు చెఱకుతోటల కూలికై పోయినవారిలో మనవారు పలువురు. ఒక్కొక్కరి ప్రవాసపత్రమున పేరు, తండ్రిపేరు, కులము, ఊరు వ్రాసి, ఇతనికి శరీరమునందుగాని మనస్సునందుగాని రోగములేదనియు, టీకాలు వేయబడినవనియు వైద్యుడు చేవ్రాలు చేసెడివాడు. కాకినాడ, విశాఖపట్టణములనుండి రంగూనునకు పోవువారికి మాత్రము అప్పట్లో పాస్పోర్టు లేదు. 1937 వరకు బర్మా భారతరాజ్యములోని భాగమే. చదువరియగు వైద్యుడు సభకు పోవుటకు శతాబ్దముముందే చదువురాని కూలివాడు ఆరోగ్యపత్రము చేతబట్టి సముద్రము దాటెనని చెప్పుటకే ఇంత చెప్పితిని.

ఇక పాస్పోర్టు సంగతి. 1914కు పూర్వము పశ్చిమ ఐరోపాలో పెద్దమనుష్యులు పాస్పోర్టు లేకయే దేశములు తిరుగుచుండిరి. రష్యా, తురుష్కరాజ్యములు మాత్రము పట్టుబట్టి అడుగుచుండెడివి. మొదటి మహాయుద్ధము వచ్చి ఆ స్వేచ్ఛను మ్రింగినది. మనదేశమున 1917లో యుద్ధకాలపు నిబంధనలుగా వచ్చిన పాస్పోర్టు పద్ధతికి 1920లో చట్టము తోడైనది. ఆ 1920 సంవత్సరముననే నానాజాతిసమితివారు పారిసులో సభ చేసి, అన్ని దేశముల పాస్పోర్టులును ఒక్క తీరున ముప్పదిరెండు పుటల పుస్తకముగా నుండవలయునని సూచించిరి. యుద్ధము ముగిసెను గనుక ఈ పత్రములు త్వరలో తొలగిపోవునని అప్పటివారు నమ్మిరి. ఆ పుస్తకము నేటికిని మన జేబులలో నున్నది. స్వతంత్రభారతమున సయితము పాస్పోర్టు నిచ్చుట మానుట ప్రభుత్వపు ఇష్టము క్రిందనే యుండగా, 1967లో మన అత్యున్నత న్యాయస్థానము పరదేశప్రయాణము పౌరుని స్వాతంత్ర్యములో చేరినదని తీర్పు చెప్పెను. ఆ యేడే పాస్పోర్టుల చట్టము వచ్చెను. అయితే ఆ తీర్పు మనయింటి తలుపును మాత్రమే తెరువగలదు. ఎదుటియింటి తలుపు ఎదుటివారిదే.

రెండవ మహాయుద్ధానంతరము మనవారు ఆరోగ్యసభలలో పీటవేసికొని కూర్చుండిరి. ఇందులో మన కర్నూలునకు ఒక గర్వకారణము గలదు. 1887లో ఆ యూర జన్మించిన కవలలు ఆర్కాటు రామస్వామి మొదలియారుగారును లక్ష్మణస్వామి మొదలియారుగారును. అన్నగారు ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి తొలి అధ్యక్షులు. ఆ మండలియే 1946లో న్యూయార్కున అంతర్జాతీయ ఆరోగ్యసభను పిలిచినది. ఆ సభలో జులై 22వ తేదీని అరువదియొక్క రాజ్యములవారు ప్రపంచ ఆరోగ్యసంస్థ నిబంధనలపై చేవ్రాళ్లు చేసిరి. 1948 ఏప్రిలు 7న ఆ సంస్థ అమలులోనికి వచ్చెను. 1950లో ప్రపంచ ఆరోగ్య మహాసభకు మన ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌరు అధ్యక్షత వహించిరి. ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమెయే. 1961లో ఆ మహాసభ ఢిల్లీ నగరమున జరుగగా అధ్యక్షులు తమ్ముడుగారగు లక్ష్మణస్వామి మొదలియారుగారు. 1866లో గంగపై తీర్పు చెప్పిన సభనుండి యమునయొడ్డున మనవాడు అధ్యక్షత వహించిన సభవరకు తొంబదియైదు సంవత్సరములు పట్టినది.

అంతటితో కథ సుఖాంతమైనచో చెప్పుటకు నేమియు మిగులదు. 1980వ దశకమున ఎయిడ్సు అను క్రొత్త వ్యాధి పొడసూపినది. అది గాలివలన, నీటివలన, పక్కన కూర్చుండుటవలన అంటునది కాదు. అయినను 1987లో అమెరికా సంయుక్తరాష్ట్రములవారు దాని క్రిమి దేహమునందున్న పరదేశీయులను తమ దేశమున అడుగిడనీయరాదని నిషేధించిరి. ప్రపంచ ఆరోగ్య మహాసభ 1988లో, ఇట్టి రోగులపట్ల ఉద్యోగములందు, సేవలందు, ప్రయాణములందు వివక్ష చూపవలదని తీర్మానించినది. తీర్మానము జెనీవాలో నుండెను. ద్వారపాలకుడు ద్వారముననే యుండెను. 1989 ఏప్రిలులో డచ్చి దేశీయుడైన ఆరోగ్యప్రచారకుడొకడు శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగు ఆరోగ్యసభకు పోవుచుండగా, మినియాపొలిసు విమానాశ్రయమున అతని పెట్టెలో ఈ వ్యాధికి వాడు మందు కనబడినది. అతనిని పట్టి కొన్నిదినములు నిర్బంధమున నుంచిరి. మందు సక్రమముగా మ్రింగుచున్న రోగి దొరకెను; మందు మ్రింగక వ్యాధిని దాచుకొన్నవాడు సులువుగా దాటిపోవును. ద్వారపరీక్షలోని లోపమును ఇంతకంటె స్పష్టముగ ఎవరు చూపగలరు?

మరుసటియేడు 1990 జూనులో ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఆరవ అంతర్జాతీయ ఎయిడ్సు మహాసభ జరుగవలసియుండెను. రోగమును గూర్చిన సభ. రోగులకు ప్రవేశము లేదు! ప్రత్యేకానుమతి వేడుకొనవచ్చుననిరి. కాని అట్లు వేడుట యనగా తన రహస్యమును పరదేశపు గుమాస్తాకు చెప్పుకొనుట. పాస్పోర్టుపై గుర్తుపడినచో అటుపిమ్మట ఏ దేశపు గడపయొద్దనైనను అది బయటపడును. ఆక్షేపణలు పెచ్చుపెరుగగా, సభలకు వచ్చువారికి వ్యాధిని గూర్చి ప్రశ్నింపకయే పదిదినముల వీసా ఇత్తుమని అమెరికావారు చెప్పిరి. సభకు పదిదినములు వచ్చినవానివలన లేని ముప్పు పదునొకండవ దినమున ఎట్లు పుట్టునో వారు వివరింపలేదు. రెడ్‌క్రాసు సమాజముల సమాఖ్య మొదలగు పెక్కు సంస్థలు ఆ సభకు పోక నిరసించినవి.

1992లో ఎనిమిదవ మహాసభ బోస్టను నగరమున జరుగవలెనని నిర్ణయమై యుండెను. నిషేధము తొలగలేదు. అప్పుడు సభానిర్వాహకులు చేసిన పని ఆరోగ్యసభల చరిత్రలో ముఖ్యముగ చెప్పదగినది. వారు ద్వారపాలకుని బ్రతిమాలుట మాని, సభనే యెత్తుకొని సముద్రము దాటిపోయిరి. ఆ సభ 1992 జులైలో ఆమ్‌స్టర్‌డామున జరిగినది. 1993లో అమెరికావారు నిషేధమును ఏకముగా చట్టములోనికి ఎక్కించిరి. దానివలన ఇరువదిరెండు సంవత్సరములపాటు ఆ మహాసభ ఆ దేశమున కాలుపెట్టలేదు. 2000లో దక్షిణాఫ్రికాలోని డర్బనులో జరిగెను. వ్యాధి భారము మోయుచున్న ఖండమున సభ కూర్చుండుట అదే మొదలు. 2008లో చట్టము మారి, 2010 జనవరిలో నిషేధము పూర్తిగా తొలగగా, 2012 జులైలో వాషింగ్టనున మరల సభ కూడినది.

ఇతరులను నిందించునప్పుడు మన ముంగిలిని సయితము చూచుకొనుట ధర్మము. 1986లో చెన్నపురిలో ఈ క్రిమి మనదేశమున తొలిసారి కనుగొనబడిన పిదప, చదువులకై వచ్చిన పరదేశవిద్యార్థులను, అందును ఆఫ్రికావారిని, పరీక్షించి దోషమున్నచో పంపివేయుమని మనవారును పట్టుబట్టిరి.

చట్టము తొలగినంతమాత్రమున ద్వారము తెరువబడినదని తలపరాదు. 2022లో ఎయిడ్సు మహాసభ కెనడాలోని మాంట్రియలున జరిగినది. అప్పుడు వ్యాధిని గూర్చిన నిషేధమేదియు లేదు. అయినను వందలకొలది ప్రతినిధులకు, ముఖ్యముగ ఆఫ్రికాదేశీయులకు, వీసా నిరాకరింపబడెను, లేదా సభ ముగియువరకును బదులు రాలేదు. ఈమారు అడిగినది రోగమును గాదు, పేదరికమును. తిరిగిపోవునన్న నమ్మకము లేదు, ధనము చాలదు, ఇట్టివి కారణములు. 1866లో గంగ మాట గంగవారు లేక జరిగినట్లే, ఆఫ్రికావారి మాట ఆఫ్రికావారిలో పెక్కుమంది లేక జరిగినది. దూరదర్శినులద్వారా ఇంటినుండియే వినవచ్చునని సమాధానము చెప్పిరి. వినుటకును సభలో లేచి నిలుచుండి అడ్డుతగులుటకును గల భేదము పంచాయతీలు చేసిన మీకు నేను చెప్పవలెనా?

ద్వారపత్రములు సర్వము వ్యర్థములనుట నా యభిప్రాయము కాదు. మశూచి రాకుండుటకై ఒకప్పుడు ప్రతి ప్రయాణికుని టీకాపత్రము చూచెడివారు. 1980లో ఆ వ్యాధి భూమినుండి తొలగినదని ప్రకటింపబడిన పిదప ఆ పత్రమునకు పనిలేకపోయెను. కలరాటీకా వ్యాప్తిని ఆపదని తెలియగా 1973లో ఆ పత్రమును మానిరి. ఎల్లో ఫీవరు పత్రము మాత్రము నేటికిని చెల్లుచున్నది, దానికి తగిన హేతువును గలదు. ఆ జ్వరము ఆఫ్రికాలోను దక్షిణ అమెరికాలోను ఉన్నది, మనదేశమున లేదు. కాని దానిని మోయు దోమ మన తొట్లలో, కుండలలో సమృద్ధిగ నున్నది. డెంగీని మోయునది ఆ దోమయే. ఒక్క రోగి ద్వారా ఆ క్రిమి వచ్చినను ముప్పు తప్పదని మనవారి భయము. కావున ఆ దేశములనుండి వచ్చువానికి టీకాపత్రము లేనిచో ఆరుదినముల వరకు వేరుగ నుంచెదరు. అతడు హైదరాబాదున జరుగు సభకు పిలువబడిన మహావైద్యుడైనను సరే. ఇందులో అడుగునది మనుష్యుని పుట్టుకను గాదు, ధనమును గాదు. చేతికి టీకా పడినదా లేదా యను ఒక్క సంగతిని. టీకా వేయించుకొన్నవానికి తలుపు తెరువబడును.

మన వైద్యుని కడకు మరల వత్తము. అతనిని పిలిచిన సభ ఆఫ్రికాలో ఎల్లో ఫీవరున్న దేశమున నున్నచో, నారాయణగూడయందలి ప్రివెంటివ్ మెడిసిను సంస్థవంటి గుర్తింపుపొందిన చోట టీకా వేయించుకొని పసుపుపచ్చని పుస్తకమును పొందవలెను. టీకా వేసిన పదిదినములకు గాని ఆ పత్రము చెల్లదు. 2016 జులైనుండి అది జీవితాంతము చెల్లును. అమెరికాకైనచో వీసాకై తెలుగువారు పూర్వము చెన్నపురికి పోయి వరుసలో నిలువవలసివచ్చెడిది. 2008లో హైదరాబాదున వారి కార్యాలయము తెరువబడినది. ఆహ్వానపత్రికలో సభ పేరు, తేదీలు, వ్యయము భరించువారి పేరు స్పష్టముగ నుండవలెను. ప్రభుత్వోద్యోగియైనచో పైయధికారుల అనుమతి ముందుగా తీసికొనవలెను. ముఖాముఖికి తేదీ దొరకుటకే మాసములు పట్టుటయు గలదు. కావున ఆహ్వానము వచ్చిననాడే దరఖాస్తు వేయుట మంచిది. పూలదండలు వీసా వచ్చినపిదప వేయవచ్చును.